ఆవిడ పేరు మీద

ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది నేను. వచ్చింది మా ఆవిడకి.

నా పేరు జోగేశ్వరరావు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి ఇరవై రెండేళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. రైతులకి జోగారావు గారిని. గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసేవాణ్ణి, రొయ్యని చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళతో నొక్కి చూసేవాణ్ణి, ఏం చెయ్యాలో చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఉషారాణి బీయస్సీ జువాలజీ. ఊళ్ళోనే ఒక ల్యాబ్‌లో రొయ్యలకీ నీళ్ళకీ పరీక్షలు చేసి రిపోర్టులిచ్చేది. రైతులు ఆవిడ దగ్గర రిపోర్టు తీసుకుని, అది పట్టుకుని నా దగ్గరికొచ్చేవారు. "మేడం గారు ఇలా రాశారండీ, మీరేమంటారు?" అని. నేను చెప్పిందే చేసేవారు. ఈ వరస మా ఇద్దరికీ అలవాటైపోయింది. ఆవిడకి ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

కిందటేడాది జనవరి ఆఖర్న, రాజమండ్రిలో వీసాల పని చూసే ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు. ఆస్ట్రేలియాలో రొయ్యల ఫారం వాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారని, కుటుంబాన్ని కూడా తీసుకెళ్ళొచ్చని. నాకప్పటికి నలభై ఏడు. మా పాప సాయిప్రసన్న ఇంటర్ రెండో సంవత్సరం.

"ఈ వయసులో ఏంటండీ?" అంది ఉష.

"పాప చదువు అక్కడైతే ఎలా ఉంటుందో ఆలోచించు. నాకూ ఒకసారి వెళ్ళాలని ఉంది," అన్నాను. నిజానికి పాప చదువు సంగతి నాకు ఆ నిమిషంలోనే తట్టింది. ఉరుకులు పరుగులుగా గట్ల మీద తిరిగిన కాళ్ళతో విమానమెక్కి, పెద్ద ఫారంలో, యూనిఫారం వేసుకుని నిలబడాలనే కోరిక మటుకు పాతదే.

ఇంటర్వ్యూ భీమవరంలోనే, ఒక హోటల్ హాల్లో. ముప్ఫై మంది దాకా వచ్చారు. నా ఇంగ్లీషు తడబడుతుందని ఉషని వెంటబెట్టుకెళ్ళాను. ఆ ఫారం మేనేజరు ఎండకి కమిలిన మొహంతో, పొట్టి చేతుల చొక్కాతో మన రైతులాగే ఉన్నాడు. అతనడిగాడు, రొయ్య మేత తినడం తగ్గిస్తే మొట్టమొదట ఏం చేస్తారని. నేను తెలుగులో చెప్పాను: దిగి రొయ్యని పట్టుకుంటానండీ, నా చేతికి తెలిసిపోతుంది. ఉష దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పి ఆగలేదు, ఇంకో రెండు ముక్కలు చేర్చింది. ఆ రెండు ముక్కలేమిటో నాకు సగమే అర్థమయ్యాయి. శాంపిలు అనీ, రిపోర్టు వచ్చేదాకా ఆ చెరువు నీళ్ళు పక్క చెరువులోకి పోనివ్వకూడదనీ.

అతను కుర్చీ కొంచెం ఆవిడ వైపు తిప్పాడు. తరవాత ముప్పావుగంట వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. నేను బల్ల మీద పెట్టిన మంచినీళ్ళ బాటిల్ మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

వారం తిరిగేసరికి మెయిల్ వచ్చింది. వాళ్ళ ల్యాబ్‌కి మనిషి కావాలిట. ఉషారాణి గారు ఇష్టపడితే భర్తనీ పిల్లనీ వెంట తీసుకురావచ్చుట.

పాప ఎగిరి గంతేసి వాళ్ళమ్మని వాటేసుకుంది. ఉష నా మొహంలోకే చూస్తోంది. "మీరేమంటారు?" అంది.

"మంచిదే కదా," అన్నాను. ఆ పూట అన్నంలో నేను పెరుగు వేసుకోలేదని ఇద్దరూ గమనించలేదు. గమనించలేదని నాకింకా కోపమొచ్చింది.

ఉదయ్‌కుమార్ నన్ను ఊరడించడానికి ఫోన్లో ఒక మాటన్నాడు: "ఎలాగూ మీకు వయసు అడ్డమొచ్చేదేమోనండీ. నలభై ఐదు దాటితే ఆ వీసాలు కష్టం. మేడం గారికి నలభై రెండే కాబట్టి ఏ బాధా లేదు."

ఆ మాట నేను జేబులో వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న వెంకటరాజు గారి మేతల కొట్టుకి వెళ్తే, అక్కడ బస్తాల మీద కూర్చున్న రైతులు "కంగ్రాట్స్ అండీ, మేడం గారికి వచ్చిందంట కదా" అన్నారు. నేను నవ్వి, "వచ్చింది నాకేనండి. వయసు రూలు ఒకటి ఉంది, అందుకని ఆవిడ పేరు మీద పెట్టాం," అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. వెంకటరాజు గారు వెంటనే, "అదీ! నేనప్పుడే అనుకున్నాను," అన్నారు. టీ తెప్పించారు. ఆ టీ నాకెంతో రుచిగా ఉంది.

వీసాకి ఇంగ్లీషు పరీక్ష ఒకటి పాసవ్వాలిట, ఫిబ్రవరంతా మా ఇంట్లో ఇంగ్లీషే. ఉష చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బెండకాయలు తరిగేది, పెదాలు కదుపుతూ. తల్లీకూతుళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని, తప్పులొస్తే పడీ పడీ నవ్వుకునేవారు. నేను గదిలోకి వెళ్తే, "ఏం లేదు నాన్నా," అని పాప తెలుగులోకి దిగిపోయేది. నాకోసం దిగడం! అంతకంటే నవ్వుతూనే ఉన్నా బాగుండేది. ఉష కొత్త బూట్లు కొనుక్కుంది, అక్కడ ల్యాబ్‌లో చెప్పులు వేసుకోకూడదంట. అవి తొడుక్కుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి చూసుకునేది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నడక నేనెప్పుడూ చూడలేదనిపించింది. పరీక్ష తప్పితే బాగుండునని ఒకరోజు బైకు మీద వెళ్తూ అనుకున్నాను. అనుకుని, ఛ అనుకుని, ఉండి ఊరు దాటేలోగా మళ్ళీ అదే అనుకున్నాను.

తప్పలేదు. మంచి మార్కులొచ్చాయి.

మార్చిలో వెంకటరాజు గారింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. భోజనాల దగ్గర వాళ్ళావిడ ఉషకి పులిహోర వడ్డిస్తూ, "మీవారికి వచ్చిన ఉద్యోగం మీ పేరు మీద పెట్టారంటగా. అదృష్టవంతురాలివమ్మా," అంది. నేను ఎదురు బంతిలో కూర్చున్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఉష తలెత్తి నన్ను చూడనైనా చూడలేదు.

"అవునండి," అంది. "ఇంకొంచెం వెయ్యండి, బాగుంది."

ఇంటికొచ్చాక అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. చీర మడతపెట్టుకుంది, పాప సర్టిఫికెట్లు సర్దుకుంది. నన్ను కాపాడింది కదా, నాకు ఊపిరాడాలి. ఆడలేదు. ఆవిడ నాకు పెట్టిన ఆ భిక్ష మింగుడుపడలేదు. ఉద్యోగం ఆవిడదే, పెద్దమనసూ ఆవిడదే. నాకేం మిగిలింది? నా చెయ్యి మిగిలింది. గట్టు మీద నా మాట మిగిలింది.

ఏప్రిల్ మొదటివారంలో అకాలంగా రెండ్రోజులు వాన పడింది. మూడోరోజు పొద్దున్న చినబాబు ఫోన్ చేశాడు. ఆకివీడు దారిలో రెండెకరాల చెరువు కౌలుకి చేసుకుంటున్నాడు. మనిషి మెత్తన, నన్ను "అన్నయ్యగారూ" అంటాడు. అతని భార్య తలుపులమ్మ తుని వైపు నుంచి వచ్చింది. ఆ చెరువు మేత, కాపలా సగం ఆవిడే చూసుకునేది.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ గట్టు మీదే ఉన్నారు. తలుపులమ్మ చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంది. కింద ఉష సంతకం, ఆ గుండ్రటి 'ఉ'.

"వైట్‌స్పాట్ రోగం అంట అన్నయ్యగారూ," అన్నాడు చినబాబు. "రెండ్రోజుల్లో మొత్తం పట్టేసి అమ్ముకోండి, ఆగితే ఒక్కటీ మిగలదు అన్నారంట మేడం గారు. ఇంకా నెలరోజులు పెరగాల్సిన రొయ్య. ఇప్పుడు పట్టేస్తే ఏం వస్తుంది? మీరు చెప్పండి. మీ మాట మీద ఉంటాను."

మేత ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్ళలో వేలాడేసే పళ్ళేన్ని పైకి లాగాను. మేత సగం అలాగే ఉంది. అందులో ఉన్న రొయ్య ఒకదాన్ని తీసుకుని, వాళ్ళకి వీపు పెట్టి, తల మీది డొప్ప ఒలిచి ఎండకి ఎత్తి చూశాను. ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సన్నగా ఉన్నాయి, ఇంకా మొదలే. కానీ ఉన్నాయి. నా చేతికి తెలిసింది, నా కంటికి తెలిసింది.

ఆ డొప్పని నీళ్ళలో పారేశాను.

"రిపోర్టులు ఒక్కోసారి తప్పొస్తాయి చినబాబూ," అన్నాను. "వాన పడి నీళ్ళు చల్లబడ్డాయి, అందుకని మేత తగ్గింది. మినరల్స్ కొట్టండి, ఏరియేటర్లు ఆపకండి. వారం ఆగి చూద్దాం."

"మేడం గారు చాలా గట్టిగా చెప్పారండి," అంది తలుపులమ్మ. "వలవాళ్ళకి ఫోన్ చేసేస్తానండి నేను."

"నువ్వాగు," అన్నాడు చినబాబు. "అన్నయ్యగారు చూసి చెబుతున్నారు. ఆవిడ గదిలో కూర్చుని చెప్పింది."

ఆ మాట చెవిలో పడగానే నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండు నెలల తరవాత ఆ పూట ఆకలేసింది. దారిలో ఆగి ఇడ్లీ తిన్నాను.

మర్నాడే మనసు పీకింది. ఫోన్ తీసి అతని నంబరు దాకా వెళ్ళాను. ఏమని చెప్పాలి? మా ఆవిడ చెప్పిందే నిజం అనా? ఫోన్ జేబులో పెట్టేశాను. ఎండ వచ్చింది కదా, ఒక్కోసారి నిలదొక్కుకుంటాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగోరోజు తెల్లారి వెళ్ళేసరికి చెరువు చుట్టూ కొంగలు. గట్టు వారంతా ఎర్రగా తేలిన రొయ్యలు. తలుపులమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బుట్టతో ఎత్తి గట్టు మీద పోస్తోంది. నన్ను చూసింది, మళ్ళీ బుట్ట ముంచింది. చినబాబు షెడ్డు నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఒక్కోసారి ఎంతటివారి చెయ్యయినా తప్పుతుంది అన్నయ్యగారూ," అన్నాడు. నన్ను ఓదార్చాడు వాడు, నన్ను!

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఉష భోజనాల బల్ల మీద వీసా కాగితాలు పరుచుకుని కూర్చుని ఉంది. సంగతి అప్పటికే ల్యాబ్‌కి చేరింది. పాప కోచింగ్‌కి వెళ్ళింది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"మీకు తెలియక చెప్పారా, తెలిసే చెప్పారా?" అంది.

గొంతు పెంచలేదు. ల్యాబ్‌లో రైతుని 'ఎన్నో రోజు? ఎంత మేత?' అని అడిగినట్టే అడిగింది. తెలియక అని చెప్తే నమ్మేదనే అనుకుంటాను. నమ్మినట్టయినా ఉండేది, ఆ పులిహోర బంతిలోలాగ. ఎందుకో మళ్ళీ ఆవిడ చేత ఆ పని చేయించాలనిపించలేదు.

"తెలిసే," అన్నాను. "చుక్కలు చూశాను."

కుక్కర్ కూత వేస్తే ఉష లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది.

"వెంట వచ్చేవాళ్ళ పేర్లు రాయాలిందులో," అంది. "పాప పేరు రాశాను. మీది రాయాలో వద్దో ఇప్పుడు చెప్పలేను. ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పిరండి. మీరు నాకు చేసింది నేను పడతాను. వాళ్ళేం చేశారండీ మనకి?"

చినబాబు ఇంటికి వెళ్ళడానికి నాకు మూడ్రోజులు పట్టింది. రెండుసార్లు సగం దారి వెళ్ళి తిరిగొచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి తలుపులమ్మ అరుగు మీద చేపలు తోముతోంది, చినబాబు మంచమ్మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను. చుక్కలు చూశానని. మా ఆవిడ మీద కడుపుమంటతో దాచానని. ఆ ఉద్యోగం నాది కాదని, ఎప్పుడూ కాలేదని కూడా చెప్పాను.

చినబాబు మంచం మీంచి లేచాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. తువ్వాలు భుజాన వేసుకుని నన్ను తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

తలుపులమ్మ చేపలు తోమడం ఆపలేదు.

"ఆయన మీ మాట నమ్మి నన్ను నోరుముయ్యమన్నాడండి," అంది. "ఆరోజు నేను ఫోన్ చేసి వలవాళ్ళని పిలిచేసి ఉండాల్సింది. నాకు చేతిలో రిపోర్టు ఉంది కూడాను. మాకొచ్చి చెబితే ఏముందండి? కొట్టు దగ్గర చెప్పండి. అక్కడందరూ ఇంకా మేడం గారి రిపోర్టు పట్టుకుని మిమ్మల్నే అడుగుతున్నారు."

మర్నాడు పొద్దున్న మేతల కొట్టు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. వెంకటరాజు గారు టీ చెప్పబోతే వద్దన్నాను. నాకు వరసగా చెప్పడం రాలేదు. ముందు ఉద్యోగం సంగతి చెప్పి, మధ్యలో చెరువు సంగతి చెప్పి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఒకాయన నవ్వాడు, నవ్వి ఎవరూ నవ్వట్లేదని ఆపేశాడు. వెంకటరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇవన్నీ ఇక్కడెందుకు చెప్పడం జోగారావూ, ఇంట్లో చూసుకోవాలి గానీ," అన్నారు. అందులో 'గారు' లేదు. ఇరవై రెండేళ్ళలో అదే మొదలు.

ఆరోజు నుంచి నా ఫోను మోగడం మానేసింది. పొద్దున్నే ఆరింటికి మొదలై ఆగకుండా మోగే ఫోను. బల్ల మీద పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఉష ఫోను మటుకు మోగుతూనే ఉండేది, రైతులు తిన్నగా ఆవిడకే చేస్తున్నారు. వినిపించినప్పుడల్లా ఆ పాత మంట లేచేది. తప్పు చెప్పుకుంటే పోతుందనుకున్నాను. పోలేదు.

మే నెలంతా చినబాబు చెరువులో పనిచేశాను. ఎవరూ రమ్మనలేదు. నీళ్ళు తోడేసి ఎండబెట్టిన చెరువులో నల్ల మట్టి చెక్కి గమేళాలతో ఎత్తిపొయ్యాలి, సున్నం చల్లాలి. ఎండ మాడిపోతోంది. మొదటి వారం చినబాబు నాతో మాట్లాడలేదు. నేనొక మూల, అతనొక మూల. తలుపులమ్మ మంచినీళ్ళు ఇద్దరికీ ఇచ్చేది, అతనికి చేతికిచ్చేది, నాది గట్టు మీద పెట్టేది. కొత్త పంటకి రొయ్యపిల్ల వేసే ముందు శాంపిలు ల్యాబ్‌కి తలుపులమ్మే తీసుకెళ్ళింది. మొదటి బ్యాచ్ వద్దంది ఉష. రెండోదీ వద్దంది. మూడోది వేశారు. చినబాబు ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఆరోజు సాయంత్రం గట్టెక్కుతుంటే, "గమేళా అక్కడ పెట్టకండి, తుప్పు పడుతుంది," అన్నాడు నాతో. 'అన్నయ్యగారూ' అనలేదు. అంతవరకే.

జూన్‌లో ఒకనాడు ఉష సంతకాల కోసం కాగితం నా ముందు పెట్టింది. వెంట వచ్చేవాళ్ళలో రెండో వరసలో నా పేరు ఉంది. ఎప్పుడు రాసిందో తెలియదు. నేనడగలేదు. పెన్ను ఇచ్చి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.

ఆగస్టులో వచ్చేశాం. ఇక్కడ ఫారం సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. ఉష పొద్దున్నే ఆ బూట్లు వేసుకుని ల్యాబ్‌కి, పాప కాలేజీకి. ఆరు నెలలు నేను ఇంట్లో వంట చేశాను. పప్పుచారు నాకు ఉష కంటే బాగా కుదురుతుందని పాప అంటే, ఆ పూటంతా ఎంత సంబరపడ్డానో! ఆవిడ మొహం చిన్నబోయిందేమోనని ఓరగా చూశాను కూడా. నా బుద్ధి అలాంటిది.

మొన్న ఫిబ్రవరిలో ఫారంలో చెరువుల దగ్గర పనికి మనుషులు కావాలన్నారు. మేత వెయ్యడం, గట్లు చూడ్డం. దరఖాస్తు పెట్టాను. నన్నెరిగినవాళ్ళు ఒకరు నా గురించి నాలుగు ముక్కలు రాసివ్వాలన్నారు. ఈ దేశంలో నన్నెరిగినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు చదువుకునే పిల్ల. భార్య అయినా ఫర్వాలేదు, ల్యాబ్ మనిషిగా రాస్తుంది కదా అన్నాడు మేనేజరు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉష ల్యాప్‌టాప్ ముందేసుకుని గంటసేపు రాసింది. నేను గిన్నెలు కడుగుతూ, "ఏం రాశావు?" అన్నాను.

తెలుగులో చదివి వినిపించింది. "ఇతనికి ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. రొయ్యని చూసి చెప్పడంలో ఇంత మంచి చెయ్యి నేనెక్కడా చూడలేదు. ఒకసారి, రిపోర్టు చేతికొచ్చాక కూడా వినలేదు. మళ్ళీ అలా చెయ్యడని అనుకుంటున్నాను."

నేను కుళాయి కట్టేశాను.

"అనుకుంటున్నానేంటి? చెయ్యడు అని రాయొచ్చుగా."

"నాకు తెలిసినంతవరకే రాస్తానండి," అంది ఉష. ఇంకోసారి మొదటినుంచి చదువుకుని, పంపేసింది.